కాకతీయుల హద్దు ఏడ గీస్తవు, మామా?

ప్రపంచ చరిత్రనంతా ఒకే పటం మీదికి ఎక్కించాలన్న ప్రయత్నం ఇంటర్నెట్‌లో కొన్నేళ్లుగా సాగుతోంది. దాని పేరు ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్. ఇది ఏ ప్రభుత్వానిదీ, ఏ విశ్వవిద్యాలయానిదీ కాదు. ఎవరైనా చేరవచ్చు, తమకు తెలిసింది ఎక్కించవచ్చు, మరొకరు ఎక్కించింది దిద్దవచ్చు. ప్రతి గోడకూ, వీధికీ, జిల్లాకూ మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాస్తారు. పటం అడుగున కాలాన్ని జరిపే పట్టీ ఉంటుంది. దాన్ని 1250 దగ్గర నిలిపితే ఆనాటి లోకం, 1950 దగ్గర నిలిపితే ఆనాటి లోకం కనిపించాలన్నది ఆశయం. అయితే ఎవరో ఒకరు పూనుకుని ఎక్కించినంత మేరకే కనిపిస్తుంది. తెలుగు నేల ఆ పటంలో ఇంకా చాలా పలచగా ఉంది.

ఈ పని గురించి వరంగల్ కొత్తవాడలో ఒక మేనమామ, మేనకోడలు గట్టిగా వాదించుకున్నారు. కొత్తవాడ షతరంజీలు నేసే పద్మశాలీల వాడ. మేనమామ నేత ఇంట్లో పుట్టి సర్వే శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పుడు సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చుని పాత వరంగల్‌ను ఆ పటంలోకి ఎక్కిస్తున్నారు. మేనకోడలు కాకతీయుల శాసనాల మీద పరిశోధన చేస్తోంది. ఇద్దరి మాటలనూ వాళ్ల యాసలోనే ఇస్తున్నాను. నా మొగ్గు దాచుకోను, అవసరమైన చోట చెబుతాను.

మేనకోడలు: మామా, 1250ల కాకతీయ రాజ్యం అని ఎర్రరంగు పూసినవు, చుట్టు గీత గీసినవు. ఆ గీత ఏ శాసనంల ఉన్నది?

మేనమామ: హద్దు లేని రాజ్యం ఉంటదా బిడ్డా? నా ఉద్యోగమంత హద్దులతోనే గడిచింది. ఇద్దరు రైతులు గెట్టు కాడ కొట్లాడుకుంటే పొలం కొలతల టిప్పన్ తీసి, గొలుసు పరిచి, రాయి దొరికేదాక వెతికేటోన్ని. రాయి దొరికితే పంచాయితీ తెగేది.

మేనకోడలు: నీ గొలుసు కింద రాయి ఉన్నది. కాకతీయ గణపతిదేవుని రాజ్యానికి అట్లాంటి రాయి లేదు. ఆయన పేరు చెప్పే శాసనాలు ఉన్నయి. ఒక్కొక్కటి ఒక ఊర్లె, ఒక తేదీ నాడు, ఎవరో గుడికో చెరువుకో ఇచ్చిన దానం. ఆ ఊర్లె ఆ దినం ఆయనను రాజని ఒప్పుకున్నరు, అంతే తెలుస్తది. పక్కూరి సంగతి ఆ రాయి చెప్పదు. సింథియా టాల్బట్ మధ్యయుగపు ఆంధ్రదేశం మీద 2001ల పుస్తకం తెచ్చింది. ఆమె గీత కంటే ముందు శాసనం దొరికిన ఊరును చూసింది. ఏ ఊర్లె ఎవరి పేరు చెప్పుకున్నరో చుక్కలు పెట్టుకుంట పోయింది. ఆ చుక్కలు ఎక్కడ దట్టంగ ఉన్నయో, ఏ తరంల ఎటు జరిగినయో చూస్తే రాజ్యం అర్థమైతది. నీ ఎర్రరంగుల అది కనబడదు.

మేనమామ: చుక్కలు చదివినోళ్లకు అర్థమైతయి. బడిపిల్లగాడు ఫోన్‌ల తెరిచి కాకతీయ రాజ్యం ఎంత పెద్దదని అడిగితే ఏం చూపిస్తవు? ఇంకో మాట. మనం ఖాళీగ విడిచిన జాగ ఖాళీగ ఉండదు. దేవగిరి యాదవుల రాజ్యానికి రంగు పూసెటోడు మన చుక్కల కోసం ఆగడు. వాని రంగు వచ్చి మన ఊర్ల మీద పడ్డంక నువ్వు శాసనం పట్టుకోని వచ్చి ఏం లాభం?

మేనకోడలు: అందుకని నువ్వు గూడ పూసినవు. వాడు సాక్ష్యం లేకుంట పూసినందుకు, నువ్వు సాక్ష్యం లేకుంట పూసినవు.

మేనమామ: నేను ఉత్తగ పూయలే. పాఠ్యపుస్తకంల ఉన్న పటం చూసే గీసిన.

మేనకోడలు: ఆ పటం గీసినాయన ఇంకో పుస్తకం చూసే గీసిండు. కాయితం మీద ఉన్నప్పుడు అదొక బొమ్మ, చదివెటోళ్లు గూడ అట్లనే తీసుకునేటోళ్లు. నువ్వు అదే గీతను అక్షాంశం, రేఖాంశం లెక్కతోని ఎక్కించినవు. ఇప్పుడు దాన్ని పెద్దగ చేసుకుంట పోతే ఒకని పొలం నడుమ నుంచి గీత పోతది. గీత కింది పొలం కాకతీయులది, పైది యాదవులది అని చెప్తది. అంత కచ్చితంగ ఎవ్వరికి తెలుసు?

ఇక్కడ నేను మేనకోడలి పక్షం. కంప్యూటర్ పటం అంచనాను కూడా కొలతలాగే చూపిస్తుంది. చూసేవాడికి ఆ తేడా తెలిసే దారి గీసినవాడు పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరు. సర్వేయరు ఈ మాటకు కాసేపు జవాబివ్వలేదు. ఇచ్చినప్పుడు మాత్రం గట్టిదే ఇచ్చారు.

మేనమామ: సరే, రాజ్యాల సంగతి పక్కకు పెట్టు. కోట సంగతి చూడు. మట్టికోట అడ్డం దగ్గర దగ్గర 2.4 కిలోమీటర్లు, రాతికోట దాంట్ల సగం. రెండు గోడలు ఈనాటికి ఉన్నయి. ఉపగ్రహం తీసిన ఫొటోల గూడ ఆ గుండ్రం కనబడతది. నేను దర్వాజా దర్వాజకు పోయి చూసి గీసిన. దీన్ని ఏమంటవు?

మేనకోడలు: దీన్ని ఏమనను. ఇది నీ విద్య, నీ అంత బాగ ఎవ్వరూ గీయలేరు. కానీ కోటల ఉన్న ఖుష్ మహల్‌కు మొదలైన సంవత్సరం ఏం రాసినవు?

మేనమామ: తుగ్లక్‌ల కాలం అని రాసిన.

మేనకోడలు: కొందరు చరిత్రకారులు అట్ల అన్నరు. 16వ శతాబ్దం మొదట్ల షితాబ్ ఖాన్ కట్టించిండని చెప్పెటోళ్లు గూడ ఉన్నరు. రెంటికి నడుమ దగ్గర దగ్గర 180 ఏండ్లు. ఆ పట్టీని 1400 కాడికి జరిపితే మహల్ ఉండాల్నా, ఉండొద్దా?

మేనమామ: దానికి పద్ధతి ఉన్నది. తేదీ రాసేటప్పుడు ‘ఇంచుమించు’ అన్న గుర్తు పెట్టొచ్చు. ఈ ఏడాదికి ఆ ఏడాదికి నడుమ అని గూడ రాయొచ్చు. కాయితం పటంల ఇట్ల రాసే వసతి లేదు, దీంట్ల ఉన్నది. ఖుష్ మహల్‌కు అట్లనే మారుస్త. రెండు వాదాలు ఎవరివో గూడ పక్కన రాస్త. నువ్వు రాజ్యం గీతకు పెట్టిన వంక దీనికి పెట్టలేవు.

మేనకోడలు: పెట్టను. అయితే రుద్రమదేవి సంగతి గూడ విను. ఆమె 1295 దాక పాలించిందని చానా పుస్తకాలల్ల ఉండేది. నల్లగొండ జిల్లా చందుపట్లల ఒక రాయి దొరికింది. 1289 నవంబరుది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిన్రని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దానం ఇచ్చిండని దాంట్ల ఉన్నది. ఒక చిన్న ఊర్లె ఒక బంటు వేయించిన రాయి రాణి పాలనను ఆరేండ్లు ఎనుకకు జరిపింది. రేపు ఇంకో రాయి దొరకదని ఎట్ల చెప్తవు?

మేనమామ: నేను చెప్పేది గదే! పుస్తకమైతే మళ్ల అచ్చేసేదాక తప్పు అట్లనే ఉంటది. దీంట్ల ఇయ్యాల రాయి దొరికితే రేపు పొద్దుగాల వరకు తేదీ మారుతది. పాత తేదీ ఎవరు పెట్టిన్రు, కొత్తది ఎవరు మార్చిన్రు, ఎప్పుడు మార్చిన్రు, అన్నీ చిట్టాల ఉంటయి. ఎవడన్న కావాలని చెడగొడితే ఎనుకకు తిప్పొచ్చు. నీ చందుపట్ల రాయి నా వాదానికే సాక్ష్యం.

మేనకోడలు: రాయి పేరు పక్కన రాస్తేనే నీ వాదానికి సాక్ష్యం. రాయకపోతే ఉత్త అంకె. 1289 అంకె పెట్టినోడు ఎందుకు పెట్టిండో తెల్వకపోతే, పాత పుస్తకం చదివినోడు వచ్చి మళ్ల 1295 చేస్తడు. ఇద్దరు కలిసి రోజుకోసారి మార్చుకుంట కూసుంటరు.

ఊరి పేరు విషయంలోనూ ఇద్దరి మధ్య కొంతసేపు మాటలు నడిచాయి. ఓరుగల్లు, ఏకశిలానగరం, 1323 తర్వాత తుగ్లక్‌లు పెట్టిన సుల్తాన్‌పూర్, ఆ తర్వాత వరంగల్. ఒక్కో పేరుకు దాని కాలం రాస్తే సరిపోతుందని, ఇష్టం లేని పేరును చెరిపే హక్కు ఎవరికీ లేదని త్వరగానే ఒప్పుకున్నారు. జిల్లాల దగ్గరికి వచ్చేసరికి మేనమామ గొంతు పెరిగింది.

మేనమామ: గీతలు వద్దంటివి గదా, ఇది విను. కొత్తవాడల ఒక మగ్గం ఉన్నదనుకో. గుంట తవ్వి పాతిన మగ్గం, జరగలే. 2016 అక్టోబరు 10 నాడు అది వరంగల్ జిల్లాల ఉన్నది. తెల్లారి 11 నాడు వరంగల్ అర్బన్ జిల్లా అయింది. 2021 ఆగస్టుల అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేరు పెట్టిన్రు. వరంగల్ మండలం, ఖిలా వరంగల్ మండలం ఇటు కలిపిన్రు. మగ్గం మళ్ల వరంగల్ జిల్లాకు వచ్చింది. పేరు అదే, జిల్లా మాత్రం అది కాదు. 2011 జనాభా లెక్కలల్ల వరంగల్ జిల్లా అంటే 35 లక్షల మంది. ఇయ్యాల్టి వరంగల్ జిల్లా దాంట్ల ఒక ముక్క. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ పోయినయి. 2019ల భూపాలపల్లి నుంచి ములుగు పోయింది. ఇంకా ఎనుకకు పోతే 1953 అక్టోబరు 1 దాక ఖమ్మం గూడ మనదాంట్లనే ఉండె. తేదీ వేసిన గీతలు లేకుంటే ఈ లెక్క ఎవడు తెలుసుకుంటడు? అప్పటి వరంగల్‌ల బడులెన్ని, ఇప్పటి వరంగల్‌ల ఎన్ని అని పక్కపక్కన పెట్టి, తగ్గినయని రాస్తడు. ఎవ్వరు బడి మూయలే, హద్దు జరిగింది.

మేనకోడలు: ఇది ఒప్పుకుంట. ఈ గీత ప్రభుత్వమే గీసింది, జీవో ఉన్నది, ఏ మండలం ఎటు పోయిందో రాసి ఉన్నది. గీసినోడు ఉన్న గీతను గీయి. నేను వద్దనేది మనం ఊహించి గీసే గీతను.

మేనమామ: అట్ల మొదట్లనే అంటే అయిపోవు గదా.

మేనకోడలు: మొదట్ల నువ్వు ఎర్రరంగు చూపిస్తివి.

ఈ ఘట్టంలో మేనమామదే పైచేయి. అయిదేళ్ల లోపే జిల్లా పేరు పోయి మళ్లీ వచ్చిన ఊళ్లో ఉంటూ, తేదీ ఉన్న పటం అక్కర్లేదని ఎవరూ అనలేరు. పింఛను కాగితం మీదా, భూమి కాగితం మీదా, పిల్లల సర్టిఫికెట్ల మీదా ఏ జిల్లా పేరు ఎందుకు ఉందో చూపించే పటం మన దగ్గర ఉండాలి. రాజుల కాలాన్ని ఎక్కించడం కన్నా ముందు ఈ పని జరగాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మేనమామ: ఇంకొకటి చెప్త. ఇప్పటి రోడ్లకు, ఇండ్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉన్నది. 2004ల ఇంగ్లండ్‌ల స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిండు. 2010ల హైతీల భూకంపం వస్తే వేరే దేశాలల్ల కూసున్నోళ్లు ఆ ఊరి గల్లీలన్నీ రోజుల మీద గీసి సాయం పోయినోళ్లకు దారి చూపిన్రు. అంత గొప్పది అది. కానీ దాని నియమం ఏందంటే, నేల మీద ఇయ్యాల లేనిది పటంల ఉండొద్దు. ఆజంజాహీ మిల్లు చూడు. 1934ల నిజాం పెట్టించిండు, కొడుకు పేరు పెట్టిండు. వరంగల్ల సగం ఇండ్లు ఆ సైరన్ మీదనే లేచేటియి. మిల్లు మూతబడ్డది, గోడలు పోయినయి. ఆ పటం లెక్కల అక్కడ మిల్లు లేదు. ఈ చరిత్ర పటంల అయితే మొదలు, ముగింపు వేసి ఉంచొచ్చు. కూలగొట్టినోళ్లు గూడ ఇక్కడ నుంచి తీసెయ్యలేరు.

మేనకోడలు: మిల్లుకు గోడలు గీసినవు. లైన్లు గీసినవా? కార్మికులు ఉన్న ఇండ్లు, యూనియన్ ఆఫీసు, చాయ్ దుకాణం?

మేనమామ: వాటికి కాయితం ఏడ ఉన్నది? నువ్వే గదా సాక్ష్యం సాక్ష్యం అంటున్నవు.

మేనకోడలు: పనిచేసినోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్ల మాట సాక్ష్యం కాదా? ‘ఫలానా సంవత్సరం, ఫలానా ఖాతాల పనిచేసిన కార్మికుడు చెప్పిండు’ అని రాయి. ఆయన ఒప్పుకుంటేనే పేరు రాయి. రాజుకు రాయి ఉన్నది, గోడకు గోడ ఉన్నది, కూలోనికి నోటిమాట ఉన్నది. ఆ మాటను గూడ ఎవరిదో చెప్పి పెడితే సాక్ష్యమే. సురవరం ప్రతాపరెడ్డి 1949ల ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చింది రాజుల వరుస చెప్పేందుకు కాదు. జనం ఏం తిన్నరు, ఏం కట్టిన్రు, ఏం ఆడిన్రు అని చెప్పిండు. నీ పటంల వరంగల్ అంటే కోట, మిల్లు, కలెక్టరాఫీసు. జనం యాడున్నరు?

మేనమామ: జనం రావాలెనంటే జనమే వచ్చి ఎక్కించాలె. నేనొక్కన్ని ఎంతని ఎక్కిస్త?

మేనకోడలు: ఎక్కిస్తే దక్కేదేంది? పేరన్న ఉంటదా? మీ సర్వేయర్ల సంగతే చెప్త. కాలిన్ మెకంజీ 1815ల భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిండు. ఊరూరి చరిత్ర చెప్పే కైఫీయతులు ఆయన పేరు మీదనే ఉన్నయి. కరణాలను అడిగి రాయించింది ఎవరు? కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల కింద పనిచేసిన పండితులు. 1821ల మెకంజీ పోయినంక ఆ పని నేను నడిపిస్తనని లక్ష్మయ్య అడిగిండు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు కాదన్నరు. అంత పని చేసే తెలివి ఇక్కడోనికి ఏడిది అన్నరు. అప్పటిదాక ఆ పని చేసింది ఆయనే. కైఫీయతులు గూడ నలుగురు కలిసి చేసిన పనే మామా. కలిసి చేస్తరు, పేరు ఒకరికి పోతది.

మేనమామ: ఆ అన్యాయం నేను కాదనను. అందుకే చెప్తున్న, దీంట్ల గీసిన ప్రతి గీతకు గీసినోని ఖాతా పేరు ఉంటది. సాహెబు లేడు. పెద్ద కంపెనీలు ఈ పటాలను వాడుకుంటయి, అది నిజం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ల అయితే పేరు చెప్పాలె, మార్చి పంచితే అదే షరతు మీద పంచాలె. చరిత్ర పటంల చానావరకు షరతు లేకుంటనే విడుస్తరు. నాకు అది తప్పని అనిపియ్యలే. లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు 1935ల తెలంగాణ శాసనములు అచ్చేసిన్రు. నిజాం రాజ్యంల తెలుగుల మీటింగు పెట్టుకోవాలన్నా కష్టమైన రోజులవి. ఆదిరాజు వీరభద్రరావు, శేషాద్రి రమణ కవులు ఊర్లు తిరిగిన్రు, రాళ్లు చదివిన్రు. వాళ్లు ఎవరి హుకుం కోసం చూడలే. అచ్చేసినంక ఎవరు చదువుకుంటరో అడగలే. నువ్వు ఇయ్యాల చదివే పరిశోధన ఆ పని మీదనే నిలబడ్డది.

మేనకోడలు: వాళ్లు రాతి మీద ఉన్న మాటలన్నీ అచ్చేసిన్రు. నేను వాళ్ల పాఠం తప్పనుకుంటే, వాళ్లు ఇచ్చిన మాటలు చూసే తప్పని చెప్పొచ్చు. మీ పటం ఫలితం ఒక్కటే ఇస్తది. అదే తేడా.

మేనమామ: ఇస్తే పొమ్మను. మన వరకు మనం నియమం పెడదం. ఆధారం గడి ఖాళీగ ఉంటే ఎక్కించొద్దు. శాసనమైతే ఊరు, తేదీ, అచ్చయిన పుస్తకం. నక్షా అయితే ఏ సంవత్సరం నక్షా. మనిషైతే ఎవరు, ఎప్పుడు చెప్పిండు.

మేనకోడలు: రాజ్యాల రంగు?

మేనమామ: తీసేస్త. దాని జాగల శాసనాల చుక్కలు నువ్వు పెట్టు.

ఆయన తీసేస్తారని నేను అనుకోలేదు. నక్షా తప్పని తేలితే నక్షానే దిద్దడం ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న అలవాటు కావచ్చు. ఆ తర్వాతి మాటలు పోట్లాటలా కాక పనిలా నడిచాయి. అయినా ఇద్దరికీ ఒకటే పని ముందు అనిపించలేదు.

మేనకోడలు: నాకు మోటుపల్లి ముందు. 1244ల గణపతిదేవుడు సముద్రం మీద వచ్చే వ్యాపారులకు అభయం ఇచ్చిండు. తుఫాన్ల కొట్టుకొచ్చిన ఓడ సరుకు గుంజుకోం, ముప్పైల ఒక వంతు సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని రాయించిండు. తరవాత మార్కో పోలో ముత్‌ఫిలి అని రాసింది ఆ రేవు పేరునే. ఆయన అక్కడి సన్నని బట్టను సాలెగూడుతోని పోల్చిండు. ప్రపంచ చరిత్రల మనకు జాగ ఉన్నదంటే అది ఎర్రరంగు ఎంత దూరం పారిందన్న దాంట్ల లేదు. ఓరుగల్లుల కూసున్న రాజుకు సముద్రం అవతలి వ్యాపారి భయం తెలిసిందన్న దాంట్ల ఉన్నది.

మేనమామ: బాగున్నది. ఓరుగల్లు నుంచి మోటుపల్లికి దారి గీస్త.

మేనకోడలు: ఏ ఊర్ల మీదికెల్లి పోయిందో తెలిస్తే గీయి.

మేనమామ: మళ్ల మొదలుపెడ్తివి! సరే, రెండు చుక్కలు పెడ్త, నడుమ ఏం గీయ. నాకు మాత్రం చెరువులు ముందు. పాత గ్రామ నక్షాలల్ల ఒక్కొక్క చెరువు శిఖం ఎంత దాక ఉన్నదో, మత్తడి దుంకిన నీళ్లు ఏ నాలా పట్టుకోని ఏ చెరువుల పడ్తయో ఉంటది. కాకతీయుల కాలం నుంచి ఇది గొలుసుకట్టు చెరువుల దేశం. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల వరంగల్ కాలనీలల్లకు నీళ్లు ఎందుకు వచ్చినయి? వాన ఎక్కువ పడ్డది, నిజమే. నీళ్లు పోయే తొవ్వల ఇండ్లు లేచినయి, అది గూడ నిజమే. పాత నక్షాల నాలాను ఏండ్ల వారీగ గీసి పెడితే, ప్లాటు కొనెటోడు కొనేముందు పట్టీ జరిపి చూసుకుంటడు. అమ్మెటోడు అబద్ధం చెప్పలేడు.

మేనకోడలు: దీనికైతే నేను గూడ వస్త. చెరువు శాసనాలు నా దగ్గర ఉన్నయి. మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం ఉన్నది, దాంట్లనే కాకతీయుల వంశం వరుస దొరికింది. చెరువు తవ్వించినోళ్లు తేదీ ఇస్తరు, నీ నక్షా హద్దు ఇస్తది.

మేనమామ: ఇంకొకటి మిగిలింది. కొత్తవాడల ఒక గుర్తు పెట్టిన. 1851ల లండన్ ప్రదర్శనకు వరంగల్ తివాచీ పోయింది గదా, ‘ఇక్కడి నుంచే’ అని.

మేనకోడలు: తివాచీ వరంగల్‌ది అనేదాక నిజం. కొత్తవాడది అని ఎవరు చెప్పిన్రు? అది కుచ్చుల తివాచీ. ముడి ముడికి వేసి నేసేది. మన వాడల నేసేది షతరంజీ, కుచ్చు ఉండదు. నేత వేరు, నేసెటోళ్లు వేరు.

మేనమామ: మా నాయినమ్మ చెప్పేది, ఇక్కడోళ్లు నేసిందే సీమకు పోయిందని.

మేనకోడలు: నాయినమ్మ చెప్పిందని రాయి. నాయినమ్మ మాటగనే ఉంచు. తివాచీ గుర్తు మాత్రం వరంగల్ ఊరి మీద పెట్టు, వాడ మీద వద్దు. మన వాడకు దానికంటే గట్టిది ఉన్నది. 2018ల వరంగల్ షతరంజీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాయితం మీద ఉన్నది.

మేనమామ: గుర్తింపు 2018ది. నేత దానికంటే ఎంత పాతది?

మేనకోడలు: నేత సొసైటీల రిజిస్ట్రేషన్ కాయితాలు చూద్దాం. ఏ సంఘం ఏ సంవత్సరం మొదలైందో, ఎన్ని మగ్గాలతోని మొదలైందో ఉంటది. హాస్టళ్లకు సర్కారు ఎప్పుడెప్పుడు షతరంజీలు కొన్నదో బిల్లులుంటయి. భివండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు వలస పోయినోళ్లను గూడ అడగాలె. కొత్తవాడ పటం కొత్తవాడల ఆగది.

మేనమామ: నడిచే సొసైటీల కాయితాలు దొరుకుతయి. మూతబడ్డయి?

మేనకోడలు: అవి ఇంకా ముఖ్యం. వాటికే ముగింపు తేదీ కావాలె.

మేనమామ: సెక్రటరీలుగ చేసినోళ్ల ఇండ్లల్ల ఉంటయి పుస్తకాలు. కొందరు పోయిన్రు. వాళ్ల పిల్లలు పాత కాయితాలు అమ్మెయ్యకముందే పోవాలె. రేపు ఆదివారం నువ్వు ఖాళీనా?